అక్క కంప్యూటర్‌కి ఇద్దరు వైద్యులు

ఇల్లు, నీ గది, నీ బల్ల ముందు
సోమవారం

తమ్ముడూ,

మీ కొండ మీద ఫోన్ పలకదని, వారానికోసారి జీపు కిందికి వచ్చినప్పుడే ఉత్తరాలు అందుతాయని నాన్న చెప్పాడు. అందుకే కలం పట్టాను. ఇక్కడ అందరం బాగున్నాం. బాగాలేనిది ఒక్కటే, నువ్వు బాగుచేసి వెళ్ళినది.

వెళ్ళే రోజు మధ్యాహ్నం ఏమన్నావు? "అక్కా, ఇది మూసేసిన ఆఫీసు వాళ్ళ పాత సామాన్లలో కొన్న కంప్యూటర్ అని మర్చిపో. లోపల సిస్టమ్ మొత్తం తుడిచి కొత్తగా వేశాను. ఇక ఇది పరుగెడుతుంది, నువ్వే పట్టుకోలేవు" అన్నావు. దాని పరుగు చెప్తాను విను. పొద్దున బటన్ నొక్కి, బట్టలన్నీ దండెం మీద ఆరేసి, కుండీలకి నీళ్ళు పోసి వచ్చి చూస్తే తెర మీద ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఒక అక్షరం కొడితే, రావాలా వద్దా అని ఆలోచించుకుని వస్తుంది. ఒక బొమ్మని పేజీలో ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపేలోపు ఎందుకు జరుపుతున్నానో నాకే గుర్తుండటం లేదు.

నవ్వకు. ప్రెస్సాయన ఆరో తరగతి సైన్సు పుస్తకం నా చేతిలో పెట్టాడు. నెలాఖరులోగా పేజీలన్నీ పేర్చి ఇస్తే మిగతా తరగతుల పుస్తకాలూ నాకే. ఇవ్వలేకపోతే మొత్తం మూలమీద డీటీపీ సెంటర్‌కి వెళ్ళిపోతుంది. వాళ్ళ దగ్గర కొత్త మిషన్లున్నాయి. నా దగ్గర నీ మాట ఉంది.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్క్ ఊపిరి తీసుకోకుండా ఎప్పుడూ తొంభై శాతం దాటి పని చేస్తూనే ఉంటోంది. ఏం చెయ్యాలో రాయి.

అక్క


కొండ మీద గుడారం, రాళ్ళ మీద పరిచిన పరుపు పైనుంచి
శనివారం

మహారాజశ్రీ అక్కగారి సముఖమునకు, ఆమె ఒక్కగానొక్క తమ్ముడు, సర్వే దళంలో కర్ర పట్టుకుని కదలకుండా నిలబడు శాఖకి ప్రధానాధికారి, సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా,

నీ ఫిర్యాదు అందింది. విచారణ పూర్తయింది. ముద్దాయి, అనగా నేను, నిర్దోషి.

కొత్తగా సిస్టమ్ వేసుకున్న కంప్యూటర్ అంటే కొత్త ఆఫీసుకి బదిలీ అయి వచ్చిన గుమాస్తా అక్కా. ఏ బీరువా ఎక్కడుందో తెలియదు, ఎవరిని ఏమడగాలో తెలియదు. దాని ఒంట్లో భాగాలని దానికే పరిచయం చెయ్యాలి. ఆ పరిచయం చేసే ప్రోగ్రాములనే డ్రైవర్లంటారు. అన్నీ వేశాను, తెరకి సంబంధించినది ఒక్కటే మిగిలిపోయింది. బస్సు నా కోసం ఆగలేదు కాబట్టి తప్పు బస్సుది. ఆ డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా వెయ్యాలో వెనక పేజీలో బొమ్మ గీసి మరీ రాశాను. ఇంకో మాట. కొత్త సిస్టమ్ మొదటి రోజుల్లో వెనకాల చప్పుడు చెయ్యకుండా అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. ఒక రోజంతా దాని మానాన దాన్ని వెలిగించి వదిలెయ్. తిన్నంత తిని స్థిమితపడుతుంది.

వైద్యం ముగిసింది. ఇక పోలీసు పని.

నీ ఉత్తరంలో "టాస్క్ మేనేజర్" అని ఉంది. నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నువ్వు దాన్ని "ఆ గడుల బొమ్మ" అనేదానివి. పైగా డిస్క్ తొంభై శాతం అట! శాతాలు! నేను వచ్చిన ఈ కొద్ది రోజుల్లో నీకు శాతాలు నేర్పిన మహానుభావుడెవరు? మర్యాదగా అడుగుతున్నాను. ఎవరు?

నీ తమ్ముడు (ఇప్పటికి)


ఇల్లు, అదే గది
మంగళవారం

తమ్ముడూ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. మన పెద్దమ్మ కొడుకు వచ్చి ఉంటున్నాడు. అవును, పొడుగోడే. వాడికి ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. అద్దెకి గది దొరికేదాకా నీ గదిలో ఉండమంది అమ్మ. మొదటి ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను, నీ మొహం గుర్తొచ్చి ఆగిపోయాను.

నువ్వు చెప్పిన డ్రైవర్ వేశాం. తెర మీద బొమ్మలు ఇప్పుడు కుదుపు లేకుండా కదులుతున్నాయి. అప్‌డేట్లు కూడా అయిపోయాయి. తర్వాత పొడుగోడు సీపీయూ మూత విప్పాడు. ఏం దుమ్మురా బాబూ! ఆ ఆఫీసు మూతపడ్డా దుమ్ము మాత్రం ఉద్యోగం మానలేదు. ఫ్యాన్ రెక్కల మధ్య గూడు కట్టుకుని ఉంది. వాడు పాత పెయింటు బ్రష్‌తో ఓపిగ్గా దులిపాడు. నాన్న పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ వాడికి టీ ఇస్తూ, "అయ్యో, చొక్కా పాడైపోయింది నాయనా" అని ఒకటే బాధపడింది.

ఆ రోజు బ్రహ్మాండంగా నడిచింది. ఒక్క పూటలో ఒక పాఠం మొత్తం పేర్చేశాను. మర్నాటి నుంచి మళ్ళీ నత్తనడక. ఎందుకో తెలియడం లేదు. ఇంకేమైనా ఉపాయం ఉంటే రాయి.

అమ్మ నిన్ను స్వెట్టర్ వేసుకోమంది.

అక్క


కొండ మీద గుడారం, గాలికి సగం ఊడినది
శనివారం

అక్కగారికి,

"ఒక్కగానొక్క తమ్ముడు" అని రాయబోయి ఆగాను. ఆ పదవి ప్రస్తుతం వివాదంలో ఉంది.

నీ ఉత్తరం చదివి నేనేమీ అనుకోలేదు. చాలా ప్రశాంతంగా ఉన్నాను. చదివిన గంటలోనే సర్వే కర్రని తలకిందులుగా పట్టుకుని నిలబడ్డానని, మా పెద్దసారు కాగితం మీద ఈ కొండ లోయగా మారిపోయిందని, ఆయన అవతలి గట్టు నుంచి "ఒరేయ్, తిరగబడింది నీ కర్రా, నీ తలకాయా?" అని అరిచాడని నీకెవరైనా చెప్తే నమ్మకు. కొంతవరకే నిజం.

నా గదికి ఎసరు పెట్టాడు, పోనీ. నా మంచం మీద కాళ్ళు చాపుకుంటున్నాడు, పోనీ. అయినా ఆ కాళ్ళు మంచం దాటి కిటికీలోకి వెళ్తుంటాయి, దోమలు చూసుకుంటాయి. కానీ నాన్న టార్చి పట్టుకున్నాడా? ఇరవై మూడేళ్ళలో నా పక్కన నిలబడి నాన్న పట్టుకున్నది ప్రోగ్రెస్ కార్డు ఒక్కటే! నేను ఈ కంప్యూటర్‌తో రెండు రోజులు కుస్తీ పడితే "కరెంటు ఎంత కాలుతోందో" అన్నాడు తప్ప అగ్గిపుల్ల కూడా వెలిగించలేదు. ఇక అమ్మ. నా చొక్కాలు ఎన్ని పాడవలేదు? ఒక్కదానికైనా "అయ్యో" అందా? "నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది" అంది.

ఒక్క విషయం స్పష్టంగా రాస్తున్నాను. దుమ్ము దులపడం వైద్యం కాదు. దాన్ని ఊడవడం అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. వాడు పెన్ డ్రైవ్ తెచ్చి దానికి గుచ్చి ఉంటాడు. గుచ్చాడా? గుచ్చే ఉంటాడు, మొహం చూస్తేనే తెలుస్తుంది. ఆ పెన్ డ్రైవ్ ఎన్ని కంప్యూటర్ల ఎంగిలి తిని వచ్చిందో! నీ కంప్యూటర్ నెమ్మదించడం కాదు, దానికి జబ్బు చేసింది. నా బల్ల సొరుగులో అడుగున నీలం కవర్లో ఒక సీడీ ఉంది. అది యాంటీవైరస్, అంటే కాపలావాడు. వచ్చే ప్రతి ఫైలునీ గుమ్మంలో నిలబెట్టి, జేబులు తడిమి, అప్పుడు లోపలికి పంపుతాడు. అది వెయ్యి. పొడుగోడు ఇంట్లో లేనప్పుడు వెయ్యి. వాడు అడిగితే మా తమ్ముడి ఆజ్ఞ అని చెప్పు. అడక్కపోతే మరీ మంచిది.

స్వెట్టర్ వేసుకున్నాను. ఒళ్ళు అప్పటికే మండుతోంది, అయినా అమ్మ మాట కాదనలేక.

ఇట్లు,
మాజీ


ఇల్లు, ముందు గది (కంప్యూటర్ మొహం చూడబుద్ధి కాక)
బుధవారం

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే సీడీ వేశాను. అంతే, అది పూర్తిగా మొండికేసింది. ఇదివరకు నత్త నడిచేది, ఇప్పుడు నత్త కూర్చుంది. పేజీ సేవ్ చెయ్యమంటే తెర తెల్లబడి బిగుసుకుపోతోంది. డిస్క్ వందకి వంద.

నిన్న ప్రెస్సాయన తనే వచ్చాడు. పని ఎంతవరకొచ్చిందో చూస్తానని నా వెనక కుర్చీ వేసుకున్నాడు. పువ్వులో భాగాలు చూపించే బొమ్మ తెరిచాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. కాడ వచ్చింది. ఆకు వచ్చింది. పువ్వు రాలేదు. "ఏమ్మా, ఇది మొగ్గ తొడిగి పూసేదాకా ఆగాలంటావా?" అన్నాడు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను? కానీ లేస్తూ లేస్తూ, "పోనీ సగం పాఠాలు మూలమీద వాళ్ళకి ఇచ్చేద్దామా? నీకూ శ్రమ తగ్గుతుంది" అన్నాడు. సగం వెళ్ళిందంటే మొత్తం వెళ్ళినట్టే. వచ్చే వారం దాకా ఆగమని బతిమాలుకున్నాను.

పొడుగోడు వాళ్ళింటికి వెళ్ళి, తన పాత కంప్యూటర్‌లోంచి మెమరీ ముక్క ఊడదీసి తెచ్చి ఇందులో పెట్టాడు. దానికోసం బ్యాంకుకి ఆలస్యమై మేనేజరు చేత మాటలు కూడా పడ్డాడు. అయినా లాభం లేకపోయింది.

నువ్వేమో అన్ని పేజీలు రాశావు, వాటిలో కంప్యూటర్ గురించి ఉన్నది గుప్పెడు. మిగతాదంతా వాడి కాళ్ళు, వాడి చొక్కా, నాన్న టార్చి. చదివి నవ్వాను, కాదనను. నవ్వాక తెరవైపు చూస్తే ఏడుపొచ్చింది. నా చేతిలోంచి ఈ పని జారిపోతే మళ్ళీ ఎవరి వెనకో కూర్చుని ప్రూఫులు దిద్దుకోవాలి. నీకు నా పుస్తకం ముఖ్యమా, వాడి మీద గెలవడం ముఖ్యమా? ఆలోచించి రాయి.

అక్క


కొండ మీద
శనివారం

అక్కా,

బిరుదులూ సంబోధనలూ ఈసారి వద్దు. నీ ఉత్తరం చదివాక పొద్దుటి నుంచి ఒక్క జోకూ వెయ్యలేదు. మా వంటాయన భయపడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

అసూయే. దాచుకోవడానికి ఈ గుడారంలో చోటు కూడా లేదు. వాడు మెమరీ ముక్క ఊడదీసి తెచ్చాడని చదివినప్పుడు మెచ్చుకోవాలి కదా? మెచ్చుకోలు గొంతు దాకా వచ్చి అక్కడే అడ్డం పడింది. అది వేసినా లాభం లేదని తర్వాతి వాక్యం చదివి, లోపలెక్కడో చిటికెడు సంతోషం వేసింది. నీ పని జారిపోతోందని అదే కాగితం మీద ఉంది, అయినా వేసింది. నేను లేకపోతే ఆ ఇంట్లో కనీసం ఒక్క వస్తువైనా ఆగిపోవాలని నా కోరిక. ఆగిపోయింది నీ పుస్తకం.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. దుమ్ము లేదు. డ్రైవర్ ఉంది. అప్‌డేట్లు అయిపోయాయి. మెమరీ పెరిగింది. అయినా డిస్క్ వందలో ఉందంటే లోపల ఎవరో ఆగకుండా దాన్ని తవ్వుతున్నారు. ఎవరో పట్టుకోవాలి. టాస్క్ మేనేజర్ తెరువు. పైన "డిస్క్" అని రాసున్న చోట నొక్కు. ఎక్కువ తింటున్నవాళ్ళ పేర్లు వరసగా పైకి వస్తాయి. మొదటి పేర్లేమిటో చూడు.

నాకు రాసి, నా జవాబు కోసం కూర్చోకు. అంత సమయం లేదు. పొడుగోణ్ణి పిలిచి చూపించు. వాడేం చెయ్యమంటే అది చెయ్యి.

ఈ చివరి రెండు వాక్యాల కోసం కాగితాలు చాలా చింపాను.

తమ్ముడు


ఇల్లు, నా కంప్యూటర్ ముందు
శుక్రవారం

తమ్ముడూ,

నువ్వు చెప్పిన చోట నొక్కాను. పేర్లు పైకి వచ్చాయి. పొడుగోణ్ణి పిలవబోయి, నోటిమీద చెయ్యి వేసుకున్నాను. ఎందుకంటే మొదటి పేరు నీ కాపలావాడిది. రెండోది వాడి కాపలావాడిది.

నీళ్ళు నమలకుండా చెప్పేస్తాను. దుమ్ము దులిపిన మర్నాడే పొడుగోడు తన పెన్ డ్రైవ్‌లోంచి ఒక యాంటీవైరస్ వేశాడు. "వాడు ఇంటికి తలుపే పెట్టకుండా వెళ్ళాడక్కా. ఈ మాట వాడికి రాయకు, పాపం నొచ్చుకుంటాడు" అన్నాడు. నువ్వు నొచ్చుకుంటే చూడాలని వాడి కళ్ళలో ఉంది. సరేలే అని నీకు రాయలేదు. తర్వాత నీ ఆజ్ఞ వచ్చింది. నీ సీడీ వేస్తుంటే మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చి, "ఇందులో ఇప్పటికే ఇంకొకరు ఉన్నారు, తీసెయ్యమంటారా?" అని మర్యాదగా అడిగింది కూడా. తీసేస్తే వాడు మొహం మాడ్చుకుంటాడు. నీది ఆపేస్తే నువ్వు ఉత్తరం రాస్తావు. "వద్దు, ఉండనీ" అని నొక్కాను. నీ కాపలావాడి గుర్తు పొడుగోడి కంటపడకుండా తెర మీద నుంచి తీసి "ఇంటి ఖర్చులు" అన్న ఫోల్డర్‌లో దాచాను. అది ఎవరూ తెరవరు.

ఇక వాళ్ళ కాపురం చూడు. నేను ఒక పేజీ తెరుస్తాను. నీవాడు ఆపి దాని జేబులు తడుముతాడు. నీవాడు దాన్ని ముట్టుకున్నాడని వాడివాడు పరుగెత్తుకొచ్చి మళ్ళీ తడుముతాడు. వాడివాడు ముట్టుకున్నాడు, ఏం పెట్టాడో ఏమోనని నీవాడు మళ్ళీ మొదలు. మధ్యలో నా పువ్వు వాళ్ళ చేతుల్లో నలుగుతోంది. దొంగ ఎవడూ రాలేదు. ఒకరినొకరు సోదా చేసుకోవడానికే వాళ్ళకి పొద్దు చాలలేదు.

పొడుగోడు బ్యాంకు నుంచి రాగానే కూర్చోబెట్టి అంతా చెప్పాను. వాడు తెర మీదికి వంగి ఆ రెండు పేర్లూ చదివి, "అయితే నాది తీసెయ్, వాడిది ఉంచు" అన్నాడు. ఎంత పెద్ద మనసో అనుకునేలోపే మొదలుపెట్టాడు. "ఎలాగూ వాడి మాటే కదా నీకు వేదం. నేను ఎదురుగా కూర్చుని చెప్తే ఆవలిస్తావు. వాడు ఉత్తరం రాస్తే వీధిలోకి వినబడేలా నవ్వుతావు. పిన్నీ బాబాయీ కూడా అంతే. జీపు ఉత్తరాలొచ్చే రోజు నేను పలకరించినా పలకరు. ఇంట్లో ఉన్నవాణ్ణి నేను, ఇల్లంతా వాడే!" అంత పొడుగు మనిషీ బుంగమూతి పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండూ తీసేశాను. నీది తీస్తుంటే "నిజంగానే వెళ్ళిపొమ్మంటున్నారా?" అని అడిగింది. వాడిది "మేమేం తప్పు చేశాం?" అని అడిగింది. ఎవరి పోలిక వాళ్ళకొచ్చింది. ఇద్దరికీ ఒకే బటన్ నొక్కాను.

ఆపి మళ్ళీ పెడితే కింద మూలన ఒక చిన్న మాట కనబడింది. ఈ కంప్యూటర్‌కి సొంత కాపలా ఉంది, ఇప్పుడే పనిలోకి దిగింది అని. సిస్టమ్‌తో పాటే వచ్చిందట అది! బయటివాళ్ళెవరైనా వస్తే మర్యాదకి పక్కకి తప్పుకుంటుందట. మీరిద్దరూ లేరని తెలిశాక లేచి కండువా దులుపుకుంది. పొడుగోడు తల గోక్కుంటూ, "అవును, ఉంటుంది. తెలుసు నాకు" అన్నాడు. నీకూ తెలిసే ఉంటుంది. తెలిసి కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేశారు చూడు, అది నాకు నచ్చింది.

ఇప్పుడు పువ్వు ఒక్క నొక్కుకే పూస్తోంది. రెండు చేతులా పని చేశాను. పుస్తకం నిన్న, గడువుకి ఒక రోజు ముందే, ఇచ్చేశాను. ప్రెస్సాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏడో తరగతి ఎప్పుడు మొదలుపెడతావమ్మా?" అన్నాడు. మూలమీద వాళ్ళ పేరే ఎత్తలేదు.

ఇక నా ఆజ్ఞ. ఈ కంప్యూటర్‌ని నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. సలహా కూడా అడిగితేనే ఇవ్వాలి. పొడుగోడికి మొహం మీదే చెప్పాను, నీకు రాస్తున్నాను. మీరిద్దరూ నాకు తమ్ముళ్ళే. తమ్ముళ్ళుగా ఉండండి చాలు.

అక్క


కొండ మీద గుడారం
శనివారం

అన్నయ్యకి,

నా చేతిరాత చూసి ఈ కవరు అక్కకి ఇచ్చెయ్యబోయి ఉంటావు. ఆగు. ఇది నీకే.

నువ్వు నన్ను చూసి కుళ్ళుకుంటున్నావని అక్క రాసింది. నమ్మవు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొండ మీద కర్ర పట్టుకుని, స్వెట్టర్లో గజగజ వణుకుతూ, గాలికి ఎగిరిపోయే గుడారంలో ఉండే నన్ను చూసి! అదీ బ్యాంకు ఉద్యోగి! నువ్వు బుంగమూతి పెట్టిన పేరా మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. వంటాయనకి చదివి వినిపించాను. ఆయన కూడా బాగుందన్నాడు. నువ్వు మెమరీ ముక్క తెచ్చినప్పుడు నేను చెయ్యాల్సిన మెచ్చుకోలు ఒకటి బాకీ ఉంది, ఇందుతో పంపుతున్నాను. కొంచెం నలిగి ఉంటుంది, సర్దుకో.

తర్వాత ఆ కింది పేరా కూడా చదివాను. మనల్నిద్దరినీ ఒకే రోజు, ఒకే బటన్‌తో పీకేసింది. ఇన్నాళ్ళూ నీ మీద పెట్టుకున్న మంట ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ లోపలి కాపలావాడి మీద పెట్టుకున్నాను. ఎవరన్నయ్యా ఆయన? ఎక్కడివాడు? మనం రాకముందు నుంచీ ఉన్నాడట, పలకలేదట, మనం వెళ్ళగానే లేచాడట! ఎవరూ పిలవకుండా, ఎవరి చేతా శభాష్ అనిపించుకోకుండా పని చేసేవాణ్ణి నేను నమ్మను. నువ్వూ నమ్మవని నా ధైర్యం.

నాకు సెలవు ఇచ్చారు. వచ్చే వారం జీపులో నేనే దిగుతున్నాను. అక్క ప్రూఫులు ఇవ్వడానికి ప్రెస్సుకి వెళ్తుంది కదా, అప్పుడు మనిద్దరం ఆ సీపీయూ మూత ఒక్కసారి తీద్దాం. లోపల బాగుచెయ్యడానికి ఏమీ లేదని నాకూ తెలుసు. ఊరికే చూసి, మళ్ళీ పెట్టేద్దాం.

స్క్రూడ్రైవర్ బ్యాంకు సంచిలో దాచి ఉంచు. అక్కకి చెప్పకు.

తమ్ముడు